అన్వేషణ యంత్రములు, తెలుగు రచయిత, ఉచిత సాధనములు

ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములలో పనిచేసిన పరిశోధకులకు ఒక సంగతి చక్కగా తెలియును. తాళపత్ర గ్రంథము బీరువాలో భద్రముగనే ఉండును. గాని వివరణ పట్టికలో దాని పేరు తప్పుగా పడినను, రెండు గ్రంథములు ఒకే కట్టలో చేరి రెండవదాని పేరు పట్టికకు ఎక్కకపోయినను, ఆ గ్రంథము లేనట్లే లెక్క. ఏ జిజ్ఞాసువో కట్ట విప్పి ఆకులు తిరుగవేయు దాక అది అట్లే పడియుండును. నేడు ఇంటర్నెట్టులో ప్రకటితములగుచున్న తెలుగు రచనలలో ఎన్నో ఇట్టి స్థితిలోనే ఉన్నవి. రచయిత తన కథలను, పద్యములను, అనువాదములను సొంత వెబ్‌సైటులో ఉంచును, మిత్రులకు విలాసము పంపును, వారు చదువుదురు. పిమ్మట ఆ పుటలకు వచ్చువారు కనబడరు. తన రచనయందే లోపమున్నదేమో యని ఆయన చింతించును. పెక్కు సందర్భములలో లోపము రచనది కాదు, పట్టికది.

ఈ కాలపు పట్టికను పండితులు వ్రాయరు, యంత్రములు వ్రాయును. వాడుకలో సెర్చి ఇంజన్లని పిలువబడు గూగుల్, బింగ్ మున్నగు అన్వేషణ యంత్రములు మూడు పనులు చేయును. క్రాలరు అను ప్రోగ్రాము లింకులను పట్టుకొని ఒక పుటనుండి మరియొక పుటకు తిరుగుచు చదువును. చదివినవానిలో తగినవని తోచినవానిని సూచికలో చేర్చును. ఎవరైన ఒక మాటను వెదకినపుడు ఆ సూచికనుండి కొన్ని పుటలను వరుసపెట్టి చూపును. ఈ మూడింటిలో ఎచ్చట తెగినను పాఠకుని దారి తెగినట్లే. అది ఎచ్చట తెగినదో వెబ్‌సైటు గలవారికి తెలుపుటకు ఆ సంస్థలే కొన్ని సాధనములను వెల లేకుండ ఇచ్చుచున్నవి.

వెల లేదనగానే ఇది దానధర్మమని భావింప నక్కరలేదు. పుటలు క్రమముగ నున్నచో యంత్రమునకు శ్రమ తగ్గును. వెదకువారికి మంచి ఫలితములు చూపగలిగిన సంస్థకు ప్రకటనల రాబడి పెరుగును. ఇరువురి లాభము ఒకచోట కలిసినది కనుక సాధనము ఉచితమైనది. అంతే. గూగుల్ 2005 జూన్‌లో సైట్‌మ్యాప్స్ అను పేర దీనికి అంకురార్పణ చేసినది. 2006లో అది వెబ్‌మాస్టర్ టూల్స్ అయినది. 2015 మేలో సెర్చ్ కన్సోల్ అని పేరు మార్చుకొన్నది. ఈ చివరి మార్పునకు చెప్పిన కారణము గమనింపదగినది: వాడువారందరు వెబ్‌మాస్టర్లు కారు, చిన్న వ్యాపారులు, సాంకేతికులు కానివారు కూడ ఉన్నారని. రచయితలు ఆ రెండవ కోవలోనివారే. బింగ్ యంత్రమునకు సైతము బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ అను ఇట్టి సాధనమే కలదు. ఒకదానిని నేర్చినవారికి రెండవది కొత్తగ తోచదు.

సాధనమును తెరచుటకు ముందు సైటు తనదని నిరూపింపవలెను. దీనికి మార్గములు కొన్ని ఉన్నవి: సంస్థ ఇచ్చిన చిన్న ఫైలును సైటులో ఉంచుట, లేక మొదటి పుట శిరోభాగమున ఒక గుర్తును చేర్చుట, లేక డొమైను పేరు నమోదు చేసినచోట ఒక పంక్తిని వ్రాయుట. సైటును కట్టియిచ్చిన సాంకేతికునిచేత ఈ పనిని పది నిమిషములలో చేయించుకొనవచ్చును. అయితే ఆ నిరూపణ రచయిత సొంత ఖాతా పేర జరుగవలెను గాని సాంకేతికుని ఖాతా పేర కాదు. ఈ భేదమును చాలమంది గుర్తింపరు.

తెలుగువారు ముందుగా చూడవలసినది పుట పరిశీలన సాధనము. ఒక పుట విలాసము నిచ్చినచో అది సూచికలో ఉన్నదా, క్రాలరు ఎన్నడు వచ్చినది, వచ్చినపుడు ఏమి చదివినది అను విషయములు తెలియును. యంత్రము చదివిన పాఠమును యథాతథముగ చూచుటకు వీలున్నది. ఇచ్చట ఆశ్చర్యములు ఎదురగును. కంటికి ముత్యములవంటి అక్షరములు కనిపించు పుట యంత్రమునకు లాటిన్ అక్షరముల కలగాపులగముగ తోచవచ్చును. కారణము యూనికోడునకు పూర్వపు అక్షరములు. తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినను, ముద్రణశాలలు, పత్రికలు చిరకాలము తమ తమ సొంత ఫాంటులతోనే పని నడిపినవి; పుస్తకముల కూర్పులో అవి నేటికిని పోలేదు. ఆ ఫాంటులలో రోమను అక్షరముల స్థానమున తెలుగు ఆకృతులు కూర్చబడియుండును. చూచువారికి అది తెలుగు. చదువు యంత్రమునకు అది ఏ భాషయు కాదు. పేజిమేకరులో అను ఫాంటులతో కూర్చి పి.డి.ఎఫ్. చేసి సైటులో పెట్టిన కథాసంపుటములు ఈ కారణముననే వెదకువారికి దొరకవు. ఏ సాధనము లేకయే దీనిని పరీక్షింపవచ్చును: పి.డి.ఎఫ్. నుండి ఒక వాక్యమును నకలు చేసి నోట్‌ప్యాడులో అతికింపవలెను. తెలుగుగనే కనబడినచో బాగు. కానిచో ఆ పుస్తకము యంత్రము దృష్టిలో అచ్చు కాలేదన్నమాట.

పుటల ఛాయాచిత్రములను మాత్రమే ఉంచినవారి స్థితియు ఇంతే. చిత్రమునుండి అక్షరములను గుర్తించు విద్య నేడు తెలుగునకును వచ్చినది గాని, ఒత్తులు విరిగిన పాత అచ్చుపుటలపై దానిని నమ్ముకొని కూర్చుండుట క్షేమము కాదు. కనీసము గ్రంథనామము, రచయిత పేరు, విషయసూచిక, పీఠికలో ఒకటి రెండు పేరాలు యూనికోడులో వ్రాసి ఆ చిత్రములకు ముందు ఉంచినచో పట్టిక కెక్కుటకు ఆధారము దొరకును.

పుట విలాసములనుగూర్చి ఒక చిన్న మాట. విలాసమును తెలుగులో పెట్టవచ్చునా యని పలువురు సందేహింతురు. పెట్టవచ్చును; యంత్రము అర్థము చేసికొనును. అయితే ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్లు. ఆ విలాసమును నకలు చేసి ఉత్తరములో అతికించునపుడు ఒక్కొక్క బైటు శాతము గుర్తుతో మూడక్షరములుగ మారును. కవిత అను మాటలో క, వ, గుడి, త యని నాలుగు సంకేతములున్నవి. విలాసములో అవి ముప్పదియారు అక్షరములగును. దీర్ఘసమాసముతో శీర్షిక పెట్టు అలవాటు గల విమర్శకుని వ్యాసపు విలాసము ఉత్తరమున ఐదారు పంక్తులు ఆక్రమించును. చూడ వికారమే గాని దోషము కాదు.

ఇక సూచికనుగూర్చిన నివేదిక. సైటులోని ఏ పుటలు చేరినవి, ఏవి చేరలేదు, ఎందులకు చేరలేదు అన్నది ఇందులో ఉండును. కారణములలో కొన్ని సులభసాధ్యములు. సైటు నిర్మాణదశలో ఉండగా యంత్రములు రాకుండ పెట్టిన అడ్డును నిర్మాణము ముగిసిన పిమ్మట తీయుట మరచిపోవుట సర్వసాధారణము. వర్డ్‌ప్రెస్ వాడువారికి అమరికలలో, అన్వేషణ యంత్రములను నిరుత్సాహపరచుము అను అర్థము గల ఒక చిన్న గడి ఉన్నది. దానిలో పడిన ఒక్క టిక్కు ఏండ్ల తరబడి సైటునంతను మరుగుపరచగలదు. ఇంకొక కారణము ద్విరుక్తి. తెలుగు కథకుడు కథను మొదట అంతర్జాల పత్రికకు ఇచ్చును. పిమ్మట తన సైటులో ఉంచును. మిత్రుడొకడు అభిమానముతో మరియొకచోట ఉంచును. యంత్రము ఈ మూడింటిని ఒకే పాఠముగ గుర్తించి ఒకదానిని ముఖ్యప్రతిగ ఎన్నుకొనును. తక్కినవానిని సాధారణముగ చూపదు. ముఖ్యప్రతి రచయిత సైటులోనిదే కావలెనని నియమము లేదు. పరిష్కర్తలు పాఠభేదములలో ప్రధానప్రతిని నిర్ణయించునపుడు కారణములు చెప్పుదురు. యంత్రము చెప్పదు.

చదివినను చేర్చలేదు అని కూడ కొన్ని పుటలకు ఎదురుగ ఉండును. దానికి సాంకేతిక చికిత్స లేదు. నాలుగు పంక్తుల పుటలు, ఒకదానిని పోలిన మరియొకటి, ఏ ఇతర పుటనుండియు లింకు లేనివి ఇందులో పడుట కద్దు. ఒక్కొక్క పద్యమునకు ఒక్కొక్క పుట చొప్పున మూడు వందల పుటలు కట్టుటకంటె శతకమంతటిని కొన్ని పుటలలో కూర్చి, పద్యమునకు తాత్పర్యమును జతచేయుట పాఠకునికి మేలు. యంత్రమునకును అదియే నచ్చును.

సైట్‌మ్యాప్ అనునది సైటులోని విలాసముల జాబితా. ఒక ఫైలులో 50,000 విలాసముల వరకు ఉండవచ్చును. ఒక రచయిత జీవితకాలమంతయు వ్రాసినను ఆ సంఖ్యను చేరుట కష్టము. లింకులు సక్రమముగ నున్న చిన్న సైటునకు ఇది అత్యవసరము కాదు. ఉన్నచో హాని లేదు. కొత్త పుట చేరినదని యంత్రమునకు వెంటనే తెలుపుటకు బింగ్, రష్యాకు చెందిన యాండెక్స్ కలిసి 2021 అక్టోబరులో ఇండెక్స్‌నౌ అను పద్ధతిని ప్రకటించినవి.

దీనికంటె శ్రద్ధగ తెలిసికొనవలసినది రోబోట్స్ ఫైలు. 1994లో మార్టెయిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ చిన్న ఫైలు క్రాలరునకు ఎచ్చటికి రావచ్చునో, ఎచ్చటికి రాకూడదో చెప్పును. ఇరువదియెనిమిదేండ్లు వాడుకగ మాత్రమే నడచి, 2022లో ఇంటర్నెట్టు ప్రమాణముల పత్రములలో అధికారికముగ చేరినది. ఇది తాళము కాదు, ద్వారముపై వ్రాసిన మాట. మర్యాద గల యంత్రములు మన్నించును, తక్కినవి మన్నింపవు. దీని వలన కలుగు ఒక భ్రమను చెప్పక తప్పదు. పుటను ఫలితములలో చూపవద్దని కోరువారు పలువురు ఈ ఫైలులో అడ్డు పెట్టుదురు. అడ్డు చదువుటకే గాని పేర్కొనుటకు కాదు. ఇతరులెవరైన ఆ పుటకు లింకు ఇచ్చియున్నచో దాని విలాసము ఫలితములలో కనబడనే కనబడును. చూపవద్దని కోరుటకు పుటలోనే నోఇండెక్స్ అను వేరొక గుర్తు ఉన్నది. ఆ గుర్తును చదువుటకు క్రాలరు లోపలికి రావలెను. అనగా ద్వారము మూసి లోపల రాకవద్దని వ్రాసిన ఉత్తరమును ఉంచిన చందమగును. తొలినాటి పద్యములను చూచి సిగ్గుపడు కవికి ఈ తెలివిడి అవసరము. తొందరగ నున్నవారికి తొలగింపు సాధనమున్నది గాని, దాని ఫలము సుమారు ఆరు నెలలు మాత్రమే. శాశ్వతముగ పోవలెనన్నచో పుటను తీసివేయుటయో, గుర్తు పెట్టుటయో చేయవలెను.

ఇటీవల ఈ ఫైలుకు మరియొక ప్రయోజనము వచ్చినది. కృత్రిమ మేధకు శిక్షణ నిచ్చుటకు రచనలను సేకరించు యంత్రములను వద్దనుటకు రచయితలు దీనినే ఆశ్రయించుచున్నారు. ఓపెన్ఏఐ సంస్థ 2023 ఆగస్టులో తన సేకరణ యంత్రము పేరును వెల్లడించి, దానిని ఈ ఫైలులో నిషేధింపవచ్చునని తెలిపినది. సెప్టెంబరులో గూగుల్ తన జెమినై వంటి నమూనాల శిక్షణకు సంబంధించి గూగుల్-ఎక్స్‌టెండెడ్ అను ప్రత్యేకనామమును ఏర్పరచినది. ఆ నామమును నిషేధించినంత మాత్రమున సాధారణ అన్వేషణ ఫలితములలో పుట స్థానము చెడదని గూగుల్ చెప్పుచున్నది. తన రచన యంత్రశిక్షణకు పోవుట ఇష్టమా కాదా అన్నది ఒక్కొక్క రచయిత తేల్చుకొనవలసిన విషయము. తెలుగు పాఠము నెట్టులో తక్కువగ నున్నది కనుక ఇచ్చుటయే మేలనువారును ఉన్నారు. అడుగక తీసికొనుటను సహింపనివారును ఉన్నారు. ఇష్టమైనను అయిష్టమైనను అది తెలిసి చేసినదై యుండవలెను. పెక్కు సైటులలో ఈ ఫైలు ఏమని చెప్పుచున్నదో సైటు యజమానికే తెలియదు.

సాహిత్యపరులకు అన్నిటికంటె ఆసక్తి కలిగించునది పాఠకులు వెదకిన మాటలను చూపు నివేదిక. ఏ మాటలను వెదకినపుడు ఈ సైటు పుట ఫలితములలో కనబడినది, ఎన్ని పర్యాయములు కనబడినది, ఎందరు దానిపై నొక్కి లోపలికి వచ్చిరి, సగటున ఎన్నవ స్థానమున నిలిచినది అను నాలుగు లెక్కలు ఇందులో ఉన్నవి. ఒక పుట నెలలో 400 పర్యాయములు కనబడి, 12 పర్యాయములు మాత్రము నొక్కబడినదనుకొందము. దారి ఉన్నది గాని ద్వారబంధము ఆకర్షింపలేదని దీనికి అర్థము కావచ్చును. శీర్షిక విషయమును చెప్పుట లేదేమో చూచుకొనవలెను. అది రెండవ ఫలితపుటలో ఎచ్చటనో అడుగున నున్నదనియు అర్థము కావచ్చును. నాలుగు లెక్కలను కలిపి చూచినగాని ఏదియు తేలదు. పదునారు నెలల లెక్కలే నిలువయుండును. అతి కొద్దిమంది వెదకిన మాటలను, వెదకినవారి గోప్యత కొరకు, నివేదిక చూపదు. కావున మొత్తము వేరు, పంక్తుల కూడిక వేరుగ వచ్చిన లెక్క తప్పినదని కంగారుపడ నక్కరలేదు.

ఈ జాబితాను తెలుగు అనువాదకుడు చదువుట ఒక పాఠము. ప్రేమ్‌చంద్ గోదాన్ నవలపై ఒక వ్యాసము, రైతు విషాదగాథ అను శీర్షికతో, సైటులో ఉన్నదనుకొందము. పాఠకులు ఆ మాటలతో వెదకరు. ప్రేమ్‌చంద్ అని కొందరు, ప్రేంచంద్ అని కొందరు, ప్రేమచంద్ అని మరికొందరు వెదకుదురు. నవల పేరును గోదాన్, గోదానం, గోదానము అని మూడు విధముల వ్రాయుదురు. రవీంద్రుని యింటిపేరు తెలుగులో టాగూరు, టాగోర్, ఠాగూర్, ఠాకూర్ అని నాలుగు రూపములలో ప్రచారమున నున్నది. శరత్‌చంద్రుని తెలుగువారు శరత్ బాబు అని ఇంటిమనిషి వలె పిలుచుకొన్నారు. ఆ పిలుపుతోనే వెదకువారు నేటికిని కలరు. పొరుగుభాషల పేర్లను తెలుగులో వ్రాయుటలో మనకు ఏకరూపత ఎన్నడును లేదు. గ్రంథాలయ సూచికలలో ఇది పాత సమస్యయే. ఒక రూపమునుండి మరియొక రూపమునకు చూడుము అను ఆదేశముతో వారు దానిని పరిష్కరించిరి. సైటు గల అనువాదకుడు ఆ పాత పద్ధతిని అనుసరింపవచ్చును: వ్యాసారంభమున ఒకమారు, ప్రేమచంద్ అనియు వ్రాయబడు ప్రేమ్‌చంద్, అని సహజముగ చెప్పుట చాలును. నాలుగు రూపములను పుట అడుగున ఇరువది పర్యాయములు గ్రుచ్చినచో దానిని గూగుల్ మోసముగ పరిగణించును. పాఠకునికి మాత్రము అది పిచ్చివ్రాతగ తోచును.

పేర్ల విషయమే కాదు. చెఱువు, చెరువు, చేసికొని, చేసుకొని, వ్యాసము, వ్యాసం. ఒకే మాటకు గ్రాంథిక రూపమొకటి, వ్యావహారిక రూపమొకటి. విభక్తులు మాటకు అంటుకొనును: వేమనను, వేమనకు, వేమనలో. సంధి జరిగిన మాటను విడదీయుట యంత్రమునకు మరింత కష్టము. పొల్లు హల్లు తరువాత వచ్చు కంటికి కనబడని విభాజక సంకేతము ఒకచోట ఉండి వేరొకచోట లేకపోయినను యంత్రము దృష్టిలో రెండు మాటలు కావచ్చును. వీనినన్నిటిని సరిదిద్దు శక్తి అన్వేషణ యంత్రములకు క్రమముగ అలవడుచున్నది గాని, ఇంగ్లీషునకు అలవడినంత కాలేదు. వీనికి తోడు, తెలుగు మాటలను రోమను లిపిలో టైపుచేసి వెదకువారు నివేదికలో తరచు ఎదురగుదురు. తెలుగు చదువగలిగియు తెలుగు మీటలపై వ్రాయుట అలవడనివారు వీరు. ప్రవాసములో ఉన్నవారును ఉండవచ్చును. వీరిని నిందించి ప్రయోజనము లేదు. సైటులో రచయిత పేరును, గ్రంథనామములను ఒక్కచోట రోమను లిపిలో కూడ ఉంచుట వారికి చేయి అందించుటయే.

ఇంతవరకు చేయుట న్యాయము. దీనిని దాటిన పిమ్మట ప్రమాదమున్నది. నివేదికలోని మాటలను చూచి, జనులు వెదకుచున్నారని ఆ మాటలకే వ్యాసములు వ్రాయబూనినవాడు రచయితగ మిగులడు. గిరాకీని బట్టి సరకు సరఫరా చేయు వర్తకుడగును. నవలకు పేరు పెట్టునపుడు గూగుల్ ట్రెండ్స్ చూడుడని సలహా ఇచ్చు వృత్తినిపుణులు నేడున్నారు. ఆ సాధనము చెడ్డది కాదు; 2006నుండి అందరకును అందుబాటులో నున్నది; ఒక మాటపై ఆసక్తి కాలక్రమమున ఎట్లు పెరిగినదో తగ్గినదో చూపును. కాని అది చూపు అంకె సాపేక్షము. అత్యధికమైన క్షణమును 100గ పెట్టి తక్కినదానిని దానితో పోల్చి చెప్పును. వెదకినవారి సంఖ్యను చెప్పదు. ఒక కవి పేరు ఎదుట 100 అని చూచి పొంగుట, 4 అని చూచి కుంగుట రెండును అవివేకములే. ప్రక్రియల చరిత్రను పరిశీలించువారికి దీనియందు కొంత ఉపయోగమున్నది. కవికి లేదు.

పుట ఎంత వేగముగ తెరచుకొనుచున్నదో చెప్పు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ కూడ ఉచితమే. తెలుగు ఫాంటులు సంయుక్తాక్షరముల మూలమున బరువైనవి. అలంకారము కొరకు మూడు నాలుగు ఫాంటులను పెట్టుకొన్న సైటు చిన్న ఫోనులో పల్లెటూరి పాఠకుని ఓపికను పరీక్షించును. ఒక ఫాంటు చాలును.

ఈ సాధనముల పేరు చెప్పి సొమ్ము చేసికొనువారును బయలుదేరినారు. మొదటి స్థానమును పూచీతో ఇప్పింతుమని రచయితలకు, చిన్న ప్రచురణకర్తలకు ఉత్తరములు వచ్చుచుండును. అట్టి పూచీ ఇచ్చు అధికారము ఎవరికిని లేదు. డబ్బు తీసికొని సాధారణ ఫలితములలో స్థానము పెంచుట లేదని గూగుల్ స్పష్టముగ చెప్పుచున్నది. పుట శిరోభాగమున కీలకపదముల పట్టికను చేర్చి రుసుము గుంజువారు మరికొందరు. ఆ పట్టికను స్థాననిర్ణయమునకు వాడుట లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించినది. సహాయము కోరుట తప్పు కాదు. యూనికోడునకు మార్చి పెట్టువానికి, విరిగిన లింకులను సరిచేయువానికి ప్రతిఫలము ఇయ్యవలసినదే. ఏ పనికి ఇచ్చుచున్నామో తెలిసి ఇయ్యవలెను, అంతే.

మొదట చెప్పిన యాజమాన్య నిరూపణను మరల తలచుకొనవలసిన సందర్భమొకటి ఉన్నది. రచయిత గతించిన పిమ్మట ఆయన సైటు ఏమగును? డొమైను రుసుము ఏటేట చెల్లింపవలసినది. ఎవరును చెల్లింపనిచో పేరు అన్యుల పాలగును. రుసుము చెల్లించుచున్నను, సాధనమును తెరచు ఖాతా ఆయనతోనే పోయినచో, సూచికలో ఏది జారిపోయినదో చూచువారు ఉండరు. సెర్చ్ కన్సోల్‌లో ఒక సైటునకు ఒకరికంటె ఎక్కువమంది యజమానులను చేర్చు వీలున్నది. అమరికలలో వాడుకరులు, అనుమతులు అనుచోట కుమార్తె పేరునో, శిష్యుని పేరునో, ప్రచురణకర్త పేరునో చేర్చి, డొమైను ఎచ్చట నమోదైనదో, రుసుము ఏ నెలలో చెల్లింపవలెనో వారికి ఒక కాగితముపై వ్రాసి ఇచ్చుట అర్ధగంట పని.